పరగడుపున చెప్పిన అబద్ధం

బొద్దక్కకు అసలు పేరొకటి ఉంది గానీ, ఆసుపత్రి వాళ్ళు ముంజేతికి కట్టిన పట్టీ మీద తప్ప అది ఇంకెక్కడా పనికొచ్చిన పాపాన పోలేదు. దుకాణం బోర్డు మీద కూడా 'బొద్దక్క టైలర్స్' అనే రాయించుకుంది. వెక్కిరించడానికి ఎవరో పెట్టిన పేరును లాక్కుని బోర్డెక్కించిన మనిషి, ఆ రోజు పొద్దున ఆసుపత్రి మంచం మీద పచ్చ గౌను వేసుకుని కిక్కురుమనకుండా కూర్చుంది. కాసేపట్లో ఆమె పొట్టలో ముప్పావు వంతు కోసి తీసేస్తారు. బరువు తగ్గే ఆపరేషన్ అంటారే, అదన్నమాట.

గౌనుకు వెనక ముడి పడలేదు. "ఇంత ఆసుపత్రి కట్టారు, పక్కన జానెడు గుడ్డ వదలడానికి వీళ్ళకి చేతులు రాలేదు," అని గొణుక్కుంది. నోటికి అలవాటైన మాట గనక వచ్చిందే తప్ప, మనసు గౌను మీద లేదు.

ఆమె దుకాణానికి ఊరి నాలుగు మూలల నుంచీ లావుపాటి ఆడవాళ్ళు వెతుక్కుంటూ వస్తారు. ఎందుకో తెలుసా? మిగతా చోట్ల కొలతలు తీసేవాడు టేపు చుట్టి, నడుము ఇంత, ఛాతీ ఇంత అని గొంతెత్తి చెబుతాడు. బయట కూర్చున్నవాళ్ళందరూ వింటారు. వేలంపాటలో నిలబెట్టినట్టుంటుంది. బొద్దక్క టేపు చుడుతుంది, అంకె పైకి చెప్పదు, సుద్దముక్కతో గుడ్డ మీదే గీత గీస్తుంది, ఆ పూట కూరగాయల ధరల గురించి మాట్లాడుతుంది. పైగా ఎదురుగా ఉన్నది తమకన్నా ఒక చుట్టు ఎక్కువే ఉన్న మనిషాయె, ఇంక సిగ్గెందుకు?

అలాంటి మనిషి ఆపరేషన్‌కు ఎందుకు ఒప్పుకుందంటే, మోకాళ్ళ కోసం కాదు. మోకాళ్ళు పోయి చాలాకాలమైంది. కింద కూర్చుని అంచు గుర్తు పెట్టలేక, వచ్చినవాళ్ళనే ఎత్తుపీట ఎక్కించి పని కానిచ్చేది. అసలు గొడవ నిద్రతో వచ్చింది. నిద్రలో గురక పెట్టి పెట్టి ఉన్నట్టుండి ఊపిరి ఆగిపోయేది. పక్కన పడుకున్న మొగుడు లేచి భుజం పట్టి కుదిపితే గానీ తిరిగొచ్చేది కాదు. డాక్టరు మూతికి పెట్టుకునే యంత్రమొకటి ఇచ్చాడు. దాన్ని పెట్టుకుంటే ఎవరో గొంతు పిసుకుతున్నట్టుందని విసిరికొట్టింది. మొగుడు సిటీ బస్సు డ్రైవరు. రాత్రంతా పెళ్ళాం ఊపిరికి కాపలా, పగలంతా స్టీరింగు. ఒకరోజు మిట్టమధ్యాహ్నం బస్సు కాలిబాట ఎక్కి గోడకు గుద్దుకుంది. జనానికి దెబ్బలు తగిలాయి గానీ, ప్రాణాలు పోలేదు. బ్రేకు పడలేదని ఇంట్లో చెప్పాడు. కండక్టరు వచ్చి అసలు సంగతి చెప్పాడు: "కునుకు తీశాడక్కా. నేను కళ్ళారా చూశాను."

ఆ సాయంత్రమే బొద్దక్క ఆపరేషన్‌కు సరేనంది. సరేనన్న మర్నాటి నుంచే భయం మొదలైంది. ఆ మాట మొగుడికి ఎలా చెబుతుంది? కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

భయం ఊరికే పుట్టింది కాదు. ఆమె దగ్గర బట్టలు కుట్టించుకునే లెక్చరరమ్మ ఒకావిడ ఇదే ఆపరేషన్ చేయించుకుంది. నెల తిరక్కుండా పాత బట్టలన్నీ తెచ్చి బిగుతు చేయమనేది. బయటివాళ్ళు ఆవిణ్ణి చూసి అబ్బో అనేవాళ్ళు. బట్టలు మార్చుకునే తెర వెనక చూసింది మాత్రం బొద్దక్కే. పొట్ట మీద చర్మం మడతలు మడతలుగా వేలాడుతోంది. జుట్టు రాలి పాపిట వెడల్పయింది. ఒకరోజు అద్దంలో చూసుకుంటూ ఆవిడ, "ఎవరి ఇంట్లోనో అద్దెకున్నట్టుంది బొద్దక్కా," అని ఏడ్చింది. చేయించుకున్నందుకు బాధపడుతున్నావా అని అడుగుదామని బొద్దక్క నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. ఏం జవాబొస్తుందోనని అడగలేదు.

ఇంకోటుంది. ఎంత మంచి గుడ్డయినా బొద్దక్క లోపల రెండు వేళ్ళ గుడ్డ వదిలే కుడుతుంది. ఒళ్ళొస్తే కుట్లు విప్పుకోవచ్చు. ఈ డాక్టర్లు కోసింది కోసినట్టే పారేస్తారట. మళ్ళీ పెట్టడం కుదరదట. తనకు కావలసినవాళ్ళతో కూర్చుని కడుపునిండా తినడం అన్నది ఇక ఈ జన్మకు లేదా? సన్నగా అయ్యాక, ఆ లావు ఆడవాళ్ళు తన ముందు గుడ్డలు విప్పుతారా? చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? రెండు వారాలుగా ఆపరేషన్ పథ్యమని పల్చటి సూపు తాగుతూ ఇవే ఆలోచనలు.

ఆ పొద్దున గదిలో ఆమెతో పాటు డ్రైవరూ, అతని అక్కా ఉన్నారు. ఆ అక్క బొద్దక్కకు వదిన. తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచింది తనేనని రోజుకోసారైనా గుర్తుచేసే మనిషి. నోటికి తాళం ఉండదు. "ఒళ్ళు తగ్గాలంటే నోరు కట్టుకోవాలి గానీ కడుపు కోయించుకుంటారా? తలనొప్పొస్తే తల తీయించుకుంటామా?" అని నెల రోజులుగా ఆడిపోసుకుంటూనే ఉంది. అయినా రాత్రి తోడుగా పడుకుంటానని సంచీ సర్దుకుని తనంతట తానే వచ్చింది.

నర్సు వచ్చి అడిగింది. "రాత్రి నుంచి ఏమైనా తిన్నారా? తాగారా?"

ఎక్కణ్ణించి ఊడిపడిందో ఆ మాట, బొద్దక్కకే తెలియదు. "తిన్నానమ్మా."

నర్సు తల ఎత్తింది. "ఏం తిన్నారు?"

"బన్ను. ఇందాక, తెల్లారాక."

ఒక్క అబద్ధంతో గుండెల మీది బండ దిగిపోయింది. ఇవాళ్టికి ఆపరేషన్ లేదు. వద్దని తను అనలేదు, భయమనీ అనలేదు. నర్సు "అయ్యో, ముందే చెప్పాం కదమ్మా," అంటూ మత్తు డాక్టరును పిలవడానికి పరిగెత్తింది.

డ్రైవరు కళ్ళు కిటికీ దగ్గర అక్క సంచీ మీద పడ్డాయి. సంచీలోంచి బన్నుల పొట్లం తొంగిచూస్తోంది. రాత్రి ఆకలేస్తే తనకని తెచ్చుకుంది పాపం.

"నువ్వే పెట్టావా అక్కా?"

బొద్దక్క ఇంత దూరం ఆలోచిస్తే కదా. వదిన తమ్ముడి వంక చూడలేదు, బొద్దక్క వంక చూసింది. ఆ చూపులో, నువ్వు తినలేదని నాకు తెలుసు, ఎందుకన్నావో కూడా తెలుసు అని ఉంది. తర్వాత తమ్ముడి వైపు తిరిగింది.

"అవునురా. నేనే పెట్టాను. చూళ్ళేక పెట్టాను."

ఇంక చూడండి. పాతికేళ్ళుగా అక్క ముందు గొంతెత్తి ఎరగని మనిషి రెచ్చిపోయాడు. "నీకు మొదట్నుంచీ ఇష్టం లేదు. చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి ఇప్పుడు ఈ పని చేశావు. కడుపులో తిండితో మత్తిస్తే ఏమవుతుందో తెలుసా నీకు? పెంచానూ పెంచానూ అంటావు, నా సంసారం కూల్చడానికా పెంచింది? వెళ్ళిపో ఇక్కణ్ణించి." మాటకు రెండు మాటలు అప్పజెప్పే వదిన, ముద్దాయిలా తలొంచుకుని సంచీ తీసుకుంది. గుమ్మం దాకా నడిచింది కూడా.

బొద్దక్క ఆ వీపు చూసింది. తన పిరికితనం బరువు ఇంకో ఆడమనిషి మోసుకుపోతోంది. సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది ఆమెకు.

"ఆగు వదినా," అంది. "ఏమండీ, తను పెట్టలేదు. నేనేం తినలేదు. భయమేసి అలా అన్నాను."

సరిగ్గా అప్పుడే మత్తు డాక్టరు గుమ్మంలోకి వచ్చాడు. అంతా విన్నాడు. కోప్పడలేదు, అదే నయం. "చూడమ్మా, ఇందాకటిది అబద్ధమో ఇప్పటిది అబద్ధమో నాకెలా తెలుస్తుంది? కడుపులో తిండి ఉంటే మత్తులో పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ప్రాణంతో పందెం కట్టలేను. సాయంత్రం చివర్లో పెట్టుకుంటాను మిమ్మల్ని. అప్పటిదాకా నోట్లో ఏమీ వేసుకోవద్దు. ఈలోగా వద్దనిపిస్తే వద్దని చెప్పండి. దానికి బన్ను అక్కర్లేదు," అని వెళ్ళిపోయాడు.

గదిలో ముగ్గురూ మూడు దిక్కులు చూశారు. వదిన సంచీ కింద పెట్టి, "మంచినీళ్ళు తాగొస్తా," అని బయటికి నడిచింది. మొగుడూ పెళ్ళాలకు చోటివ్వడానికని ఇద్దరికీ అర్థమైంది.

"నాతో చెప్పడానికేమైంది?" అన్నాడు డ్రైవరు.

"గోడకి బస్సు పెట్టి గుద్దినాయనతో ఏమని చెప్పను? మీ నిద్ర తినేసింది నేను కదా."

"బస్సు గుద్దింది నేను. స్టీరింగు నువ్వు పట్టుకున్నావా?" అతను గోడవారనున్న కుర్చీలో కూర్చున్నాడు. "కండక్టరు చెప్పాడని నాకు తెలుసు. నువ్వు సరేనన్న రోజే తెలుసు. అయినా వద్దు, బాగా ఆలోచించుకో అనలేదు. నాక్కూడా భయమే. ఒకరోజు నేను కుదిపినా నువ్వు లేవకపోతే? అందుకని నోరు మూసుకున్నాను. నీకిష్టం లేకపోతే పద, ఇంటికి పోదాం. డిపోలో కూర్చునే పనేదైనా అడుగుతాను."

ఇది వింటే తేలికపడాలి కదా. బొద్దక్కకు అంతకంతకూ ఊపిరాడలేదు. ఇన్నాళ్ళూ ఎవరో వెనకనుంచి తోస్తున్నారన్న కోపమైనా ఉండేది. ఇప్పుడు తోసేవాడు పక్కకు తప్పుకున్నాడు. చేయించుకుని ఏడ్చినా, మానేసి ఏడ్చినా, ఆ ఏడుపు తనదే. ఇంకొకరి మీదకు నెట్టడానికి లేదు.

ఫోను తీసి లెక్చరరమ్మకు చేసింది. ఆ రోజు నాలుక మీద ఆగిన మాట ఇవాళ అడిగేసింది. "చేయించుకున్నందుకు బాధపడుతున్నావా, నిజం చెప్పు."

"కొన్ని రోజులు బాధే బొద్దక్కా. అబద్ధం చెప్పను. అందరూ తింటుంటే రెండు ముద్దలకే చేయి కడుక్కోవాలి. అద్దం చూస్తే ఏడుపొస్తుంది. నేల మీద చతికిలబడి ఏడుస్తాను." ఆగి నవ్వింది. "ఏడ్చి, నేనే లేస్తాను. ఇదివరకు కూర్చుంటే లేపడానికి ఇద్దరు రావాలి, అందుకని ఏడుపు కూడా కుర్చీలోనే. చేయించుకో అనను, వద్దనీ అనను. నాకు మాత్రం మళ్ళీ వెనక్కి పొమ్మంటే పోను."

"నా దుకాణానికి వస్తావా, నేను సన్నబడ్డాక?"

"నువ్వు అంకె పైకి చెప్పకుండా ఉంటే వస్తాను."

బొద్దక్కకు నవ్వొచ్చింది, నవ్వు వెనకే కన్నీళ్ళూ వచ్చాయి. ఫోను పెట్టేసి, మొగుడితో మాట్లాడదామని తల తిప్పింది. అతను కుర్చీలోనే నిద్రపోతున్నాడు. తల గోడకు ఆనించి, నోరు తెరుచుకుని, చేతులు రెండూ ఒళ్ళో వదిలేసి. వదిన తలుపు తీసుకుని వచ్చినా కదల్లేదు. నడవాలో ట్రాలీ ఏదో దడదడమని పోయినా కదల్లేదు.

ఎన్నాళ్ళయింది ఈ మనిషి నిద్రపోవడం తను చూసి? తను పడుకున్నప్పుడు అతను మేలుకునుండేవాడు. తను లేచేసరికి డ్యూటీకి పోయుండేవాడు. తను కళ్ళు తెరుచుకుని కూర్చుంటేనే అతనికి కన్ను మూతపడుతుంది. మధ్యాహ్నమంతా బొద్దక్క అలాగే కూర్చుని అతన్ని చూసింది. కడుపు నకనకలాడుతోంది. భయం ఉన్నచోటే ఉంది, వీసమెత్తు తగ్గలేదు. అయినా తనకూ అలా పడుకోవాలనిపించింది. నోరు తెరుచుకుని, ఒళ్ళు వదిలేసి, ఎవరూ కాపలా లేకుండా.

పొద్దువాలాక వార్డుబాయ్ ట్రాలీ తోసుకొచ్చాడు. వెనకే నర్సు. "ఏమంటారమ్మా? వెళ్దామా?"

"పొద్దుట్నుంచి ఏమీ తినలేదు, తాగలేదు," అంది బొద్దక్క. "వెళ్దాం."

ట్రాలీ ఎక్కడానికి ఇద్దరు సాయం పట్టాల్సి వచ్చింది. వదిన తమ్ముడి భుజం మీద చేయి వెయ్యబోయింది.

"లేపొద్దు వదినా."

"నీకేమైనా పిచ్చా? చెప్పకుండా పంపించానని వాడు నన్ను తినేస్తాడే."

"తిట్టనీ. పొద్దున చెయ్యనిదానికి పడ్డావు, ఇది నువ్వు చేసిందే కదా."

వదిన నవ్వబోయి, నవ్వలేక కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఒక్క మాట చెప్పి వెళ్ళవే. ఏమో, ఎటుపోయి ఎటొస్తుందో."

బొద్దక్క వదిన చేయి పట్టుకుని దగ్గరకు లాక్కుంది. "ఇవాళ నా ఊపిరి చూసుకోవడానికి లోపల మనుషులున్నారు వదినా. ఆయన్ని పడుకోనీ."