మంటలతో చుట్టరికం

మా పెదనాన్న మంటలను వరసలు పెట్టి పిలుస్తాడు. ఆయన చుట్టాలందరూ గ్యాసు టార్చి మూతి దగ్గరే ఉంటారు.

మేముండేది ఆయన ఇంట్లోనే. ముందుగదిలో కూర్చుని నగలకు టంకం పెడతాడు. గ్యాసు కాస్త ఎక్కువగా ఉండి, మెత్తగా పొదలా పరుచుకునేది అమ్మమ్మ మంట. వస్తువునంతా ఒళ్లో పెట్టుకుని నిదానంగా వేడెక్కిస్తుంది. వెండికి అదే కావాలట. సూదిలా ఒక్కచోటే పొడిచేది మేనత్త మంట. గాలి ఎక్కువై బుస్సుమనేది కొత్తల్లుడి మంట. చప్పుడే తప్ప పనికిరాదు, పైగా వస్తువును నల్లబరుస్తుందని ఆయన ఫిర్యాదు.

నేను రసాయనశాస్త్రం చదివాను. ఆక్సిజన్ పాళ్లు ఎంతో చెబితే సరిపోతుంది కదా అన్నాను ఒకసారి.

"ఆక్సిజన్ అని పిలిస్తే పలకదమ్మాయ్" అన్నాడు.

మా ఆయనది ఏ మంటో అడక్కుండానే చెప్పాడు. పెళ్లయి ఇన్నేళ్లయినా పాపం ఇంకా కొత్తల్లుడే. నాదేదంటే మాత్రం మాట దాటేసేవాడు.

మంట కుదిరేదాకా పని ముట్టడు. పిడి తిప్పుతాడు, చెవి ఒగ్గి వింటాడు, బతిమాలతాడు. పిల్లల వస్తువైతే మరీను. మా పాప చేతిగొలుసుకు మువ్వలు అతకడం మొదలుపెట్టినప్పుడు దానికి పళ్లు లేవు. చేతికి తొడిగేసరికి గొలుసును కొరికే వయసొచ్చింది. ఇక వీధిలో పసిపిల్ల కనిపిస్తే చాలు, ముద్దు పెట్టుకోడు. ఒంటిమీది గొలుసు లాగి చూస్తాడు. తన పనితనానికి తానే మురిసిపోతున్నాడని మేం నవ్వుకునేవాళ్లం.

మొన్న మధ్యాహ్నం పాపకు అన్నం పెడుతుంటే గొలుసుకు ఒక మువ్వ లేదు. చాప దులిపాను. మంచం కింద దూరాను. నోట్లో వేలు పెట్టి వెతికితే కొరికింది. శ్వాసనాళం, అన్నవాహిక పాఠ్యపుస్తకంలోని రంగులతో సహా కళ్లముందు నిలిచాయి. పాపను చంకనేసుకుని ఆసుపత్రికి పరుగెత్తాను. దారి ముందుగదిలోంచే.

పెదనాన్న టార్చి వెలిగించి తల వంచి వింటున్నాడు. "ఉండమ్మాయ్, అమ్మమ్మ ఇంకా కుదురుకోలేదు."

"పాప మువ్వ మింగింది పెదనాన్నా."

టక్కున టార్చి ఆర్పేశాడు. కుదరబోయే మంటను ఆయన వదిలేయడం నేనెన్నడూ చూడలేదు. పట్టకారుతో ఎదుటి ఇటుకను చూపించాడు. దానిమీద అతుకు పట్టేందుకు వెలిగారం పూసుకుని, పెళ్లిచూపులకు ముస్తాబైనట్టు కూర్చుని ఉంది మువ్వ.

"మింగలేదు. పొద్దున ఒళ్లో ఆడుతుంటే లాగి చూశా. రింగు అరిగింది. నేనే తీశాను."

నేలమీద కూలబడి పాపను గట్టిగా పట్టుకున్నాను. అది నా చెవిపోగు పట్టుకుంది. వీధి పిల్లల గొలుసులన్నీ ఆయన ఎందుకు లాగి చూస్తాడో అప్పటికి గాని నాకు తట్టలేదు.

మాట వరసకైనా చెప్పొచ్చు కదా అన్నాను.

"చెబితే హడలిపోతావు. నువ్వు చూసేలోగా అతికేద్దామనుకున్నా."

"ఇప్పుడు హడలలేదా?"

"మంట కుదరలేదమ్మాయ్" అని నీళ్లు నమిలాడు.

మళ్లీ టార్చి వెలిగించాడు. కిటికీలోంచి వచ్చిన గాలికి మంట రెపరెపలాడి, దిక్కుతోచనట్టు అటూ ఇటూ ఊగింది. ఇది ఏ చుట్టమని అడిగాను.

ఈసారి దాటేయలేదు. "నువ్వే. దేన్నీ కాల్చదు, ఊరికే వణుకుతుంది" అంటూ అరచెయ్యి అడ్డం పెట్టాడు. మంట నిలబడింది.

ఒళ్లో ఉన్న పాప మాత్రం నోరు సున్నాలా చుట్టి, నన్ను ఊదేయడానికి ముందుకు వంగింది.