ఇంటికొక దట్

సోమవారం అర్జీల కట్ట విప్పగానే ముందు చెమట వాసన కొడుతుంది. చొక్కా జేబులోనో, కొంగు ముడిలోనో నాలుగు మడతలు పెట్టుకుని, బస్సులో నిలబడి తెచ్చిన కాగితాలవి. అనంతపురంలో ఒక ఆఫీసులో వాటి మీద తేదీ ముద్ర వేసి, ఊరి పేరు, విషయం రిజిస్టరులో ఎక్కించడం నా పని. విషయం రాసే గడి నా బొటనవేలంత వెడల్పుంటుంది. మొన్నటి కట్టలో గోరంట్ల వైపు నుంచి వచ్చిన అర్జీ ఒకటి ఇంగ్లీషులో ఉంది, చేత్తో రాసినది. ‘కన్సిడరింగ్ దట్’ అని మొదలైంది. ముద్ర ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది. పక్క సీటాయన “ఏమైంది మేడం, ఇంకు అయిపోయిందా?” అని అడిగాడు. అవునన్నాను. అబద్ధాలు నా నోటికి సులువుగా వస్తాయి. ఎప్పటి నుంచి వస్తున్నాయో చెప్పాలంటే మా ఆశీర్వాదం సారు గురించి చెప్పాలి.

సారు మా హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేవారు. బత్తలపల్లె నుంచి మా ఊరికి వచ్చే బస్సు వెనక్కి తిరిగే చోట మా బడి ఉండేది. సారు చర్చి వీధిలో గది అద్దెకు తీసుకుని ఒంటరిగా ఉండేవారు. ఒకే తెల్ల చొక్కా మూడు రోజులు వేసుకునేవారు. ఊరు తాగడానికి నీళ్ళు లేకుండా ఉంటే రోజుకొక చొక్కా ఉతకడం దొంగతనంతో సమానమని ఆయన లెక్క. మేం పదో తరగతికి వచ్చిన ఏడు వానలు మొహం చాటేశాయి. శెనక్కాయ విత్తనం భూమిలోనే మాడిపోయింది. ఊరి బోరు మొదట బురద కక్కింది, తర్వాత ఉత్త గాలి కక్కింది. సరిగ్గా ఆ రోజుల్లోనే సారు మాకు పార్టిసిపుల్స్ పాఠం మొదలుపెట్టారు.

“క్రియకు ఐఎన్‌జీ తగిలించినాక అది ఒంటిగా నిలబడలేదప్పా, తోడు కావాల,” అన్నారు బోర్డు మీద రాస్తూ. “పక్కన అడ్వర్బు వస్తే మనం ఎట్ల చెప్తాండామో తెలుస్తాది. ఫ్రాంక్లీ స్పీకింగ్, అంటే ఉన్నదున్నట్టు చెప్పాలంటే. జనరల్లీ స్పీకింగ్, స్ట్రిక్ట్‌లీ స్పీకింగ్, అన్నీ ఆ జాతే. దట్ వస్తే ఏం చెప్తాండామో తెలుస్తాది. కన్సిడరింగ్ దట్, అంటే ఫలానాది లెక్కలోకి తీసుకుంటే. సీయింగ్ దట్ కూడా అంతే. దట్ వెనక పూర్తి వాక్యం ఉండాల. ఎవరు, ఏం చేసినారు, అది ఉండాల.” ఇంకా ‘గ్రాంటెడ్ దట్’, ‘ప్రొవైడెడ్ దట్’ అని రెండు రాసి, ఇవి ఆఫీసుల వాళ్ళ మాటలని, మొదటిది ఒప్పుకుంటూనే పక్కకు తప్పుకోవడానికి, రెండోది షరతు పెట్టడానికి పనికొస్తాయని చెప్పారు. వెనక బెంచీలో గొర్రెల కాపరి కొడుకు లేచి “ఇవి యాడ పనికొస్తాయి సార్, గొర్రెల తావనా?” అన్నాడు. సారు కూడా నవ్వారు. “గొర్రెలకు పనికిరావు. ఆఫీసరుకు పనికొస్తాయి. చూపిస్తాను,” అన్నారు.

చూపించడానికి ఆయన ఎంచుకున్నది ఊరి అర్జీ. కొత్త బోర్లు వేసే ఊళ్ళ జాబితా జిల్లాలో తయారవుతోందని తెలిసి, పెద్దమనుషులు రాసిపెట్టమని సారు దగ్గరికే వచ్చారు. ఇంగ్లీషులో పోతే ఎవరూ పక్కన పడెయ్యలేరని ఊరంతా నమ్మింది. అందరికంటే ఎక్కువ నమ్మింది సారే. “ఇంటికి పోయి, నీళ్ళు లేక ఏమైందో అడిగి, మనిషికొక దట్ పట్టుకు రాండి,” అన్నారు మాతో. మేం ముప్పై ఒక్కరం ముప్పై ఒకటి తెచ్చాం. పాలిచ్చే ఆవును సంతకు తోలేశామని ఒకడు తెచ్చాడు. అవ్వ దాహం దాచుకుని మనవడికి తాగిస్తోందని ఒకామె తెచ్చింది. మా చెల్లెలు బడి మానేసి బిందెల వరుసలో కూర్చుంటోందని నేను తెచ్చాను. చర్చి వీధి మరియమ్మ తెచ్చినది ఇది: నీళ్ళ ట్యాంకరు వచ్చినా మా వీధి బిందెలు చివరనే పెట్టాలని, మా వంతు వచ్చేసరికి అడుగు బురదే మిగులుతోందని. సారు దాన్ని బోర్డు మీద రాశారు. తర్వాత అన్నిటినీ వరసగా ‘కన్సిడరింగ్ దట్’ కింద గుదిగుచ్చి, దస్తూరి బాగుంటుందని సాపు రాసే పని నాకిచ్చారు.

మా నాయన వార్డు మెంబరు. ట్యాంకరు దగ్గర నిలబడి వంతులు పిలిచేది ఆయనే. బిడ్డ ఊరి అర్జీ రాస్తోందని పొంగిపోయి, ఒక్కొక్క వాక్యానికీ తెలుగు చెప్పించుకున్నాడు. మరియమ్మ వాక్యం దగ్గర నవ్వు ఆగిపోయింది. “అది తీసెయ్ పాపా,” అన్నాడు. సారు రాయమన్నారని అంటే, “నీళ్ళు కావాలని రాస్తాండారా, నా మీద ఫిర్యాదు రాస్తాండారా? గమ్మున తీసెయ్,” అన్నాడు. తీసేశాను. భయపడి తీసేశానని చెప్పుకుంటే కొంచెం మర్యాదగా ఉంటుంది. నిజానికి నాకు భయం వేయలేదు. వాళ్ళ బిందెలు చివర ఉండటం నేను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే, అందులో రాయాల్సినంత ఏముందనుకున్నాను.

మర్నాడు సారు కాగితాల మీద వేలు పెట్టి లెక్కపెట్టారు. “ముప్పై ఉండాయి. మరియమ్మది యాడ పాయ?” అన్నారు. మరిచిపోయానన్నాను. “ఫ్రాంక్లీ స్పీకింగ్?” అని అడిగారు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వి, “మరిచిపోయినా సార్,” అన్నాను. కాగితాల్లో ఇరికించడానికి చోటు లేదు, మొదటి నుంచి రాయమని చిత్తుప్రతితో సహా ఇచ్చి పంపారు. ఇంటికి తీసుకుపోతే నాయన వాటిని ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేశాడు. “జొరమని చెప్పి రెండు దినాలు ఇంట్లో ఉండు. సారే యిసిగి ఆ ముప్పై చాలంటాడు, అప్పుడిస్తాం,” అన్నాడు. నేను ఇంట్లో ఉన్నాను. మూడో రోజు పొద్దున నాయన ట్యాంకరు దగ్గరికి పోయిన వేళ సారు మా వాకిట్లోకి వచ్చారు. జ్వరం ఎలా ఉందని అడగలేదు. “బడికి రా పాపా. కాగితం నేనిస్తా, అన్నీ నాకు నోటికి వచ్చు,” అన్నారు. ఆయన చెబుతుంటే ఎదురుగా కూర్చుని ముప్పై ఒకటీ రాశాను.

అదే మధ్యాహ్నం ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకుని సారు బస్సెక్కారు. జాబితా ముందు రోజే పైకి పోయిందని ఆఫీసులో చెప్పారట. బల్ల దగ్గరి మనిషి మొదటి పేజీ కూడా తిప్పకుండా, “ఊరి పేరు, రెండు ముక్కలు చాలు గదా సార్, ఇంత ఎవరు సదువుతారు?” అన్నాడట. పక్క ఊరివాళ్ళు తెలుగులో రెండు వాక్యాలు రాసిచ్చి జాబితాలో ఎక్కారు. బోరు బండి మా ఊరి మీదుగానే వాళ్ళ ఊరికి పోయింది, మేం వరసగా నిలబడి చూశాం.

ఆ సాయంత్రం బడి ముందర ఊరు కూడింది. మాట్లాడింది మా నాయనే. “సారు వాక్యాలు దిద్దుకుంటా కూచున్నాడు, నీళ్ళు పక్కూరికి పాయ,” అన్నాడు. జనం సారు వైపు తిరిగారు. సారు నా వైపు ఒక్కసారి చూశారు. ఆ చూపులో కోపం లేదు, నువ్వైనా చెబుతావా అన్నట్టు ఉంది. నేను నేల చూశాను. “అవునప్పా, ఆలస్యం నాదే,” అన్నారాయన. మరియమ్మ అక్కడే ఉంది. నేను రెండు రోజులు బడికి రాలేదని దానికి తెలుసు. అది చెప్పినా వినేవాళ్ళెవరు?

తర్వాత చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. అందరికంటే ముందు ఖాళీ అయింది చర్చి వీధి. మరియమ్మ పరీక్షలు రాయకుండానే ఇంట్లోవాళ్ళతో బెంగళూరు కట్టడాల పనికి పోయింది. సారు ఆ పాఠం మళ్ళీ ఎత్తలేదు. పరీక్షకు కావలసిన చిన్న చిన్న వాక్యాలు చెప్పి గంట కొట్టగానే వెళ్ళిపోయేవారు. ఆయనకు దండం పెట్టేవాళ్ళు కూడా తగ్గారు. ఏడాది తిరక్కుండా కణేకల్ వైపు బదిలీ చేయించుకున్నారు. పిల్లలు లేక కొన్నాళ్ళకు బడి కూడా మూతపడింది.

ఉద్యోగం వచ్చాక కణేకల్ వెళ్ళి ఆయన్ని చూశాను. మనిషి సగమయ్యారు. అంతా చెప్పేయాలనే పోయాను. నేను నోరు తెరిచేలోపల ఆయనే “ఆఫీసులో ఏం పని పాపా?” అన్నారు. అర్జీలు తీసుకునే పని అన్నాను. ఆయన కళ్ళు వెలిగాయి. “సదువుతారా ఆడ, అంతా సదువుతారా?” అని అడిగారు. ఆ వెలుగు చూసి నాకు ధైర్యం చాల్లేదు. “సదువుతాం సార్, ప్రతి ముక్కా,” అన్నాను. “అట్లయితే మేలు,” అని నా చెయ్యి పట్టుకున్నారు. చెప్పాల్సిన మాట అలాగే మింగి వచ్చేశాను. ఆయన పోయిన కబురు చాలా రోజుల తర్వాత ఎవరో చెబితే తెలిసింది.

మొన్నటి ఆ అర్జీ పూర్తిగా చదివాను. ఎవరు రాశారో తెలియదు, సారు దగ్గర చదువుకున్నవాళ్ళేమో కూడా తెలియదు. అందులో నాలుగు దట్‌లున్నాయి. నాలుగూ చదివి, రిజిస్టరు గడిలో ‘తాగునీరు’ అని రాశాను, అంతకంటే పట్టదు. నేను చదివినంత మాత్రాన ఆ ఊరికి ఒక్క బిందె కూడా రాదని నాకు బాగా తెలుసు. తర్వాత ఒక తెల్లకాగితం తీసుకుని ‘కన్సిడరింగ్ దట్’ అని రాశాను. దాని వెనక ఎవరు, ఏం చేసినారు అనేది ఉండాలి కదా. మరియమ్మ మాట తీసేసింది, ఆలస్యం చేసింది నేనేనన్న ఆ వాక్యం నాకిన్నేళ్ళుగా నోటికి వచ్చు. రాసి ఎవరికిచ్చేది? సారు లేరు, నాయనా లేడు, మరియమ్మ ఏ కట్టడం పనిలో ఉందో ఎవరికీ తెలియదు. ఆ రెండు మాటలే ఉన్న కాగితం మీద ఆ రోజు తేదీ ముద్ర వేసి సొరుగులో పెట్టుకున్నాను. అప్పటికే గుమ్మం బయట వరస పెరిగింది. చిట్టచివర ఒక ముసలామె ఖాళీ బిందెతో నిలబడి ఉంది. లేచి వెళ్ళి ఆమెను ముందుకు రమ్మన్నాను. “నా వంతు ఇంకా రాలేదమ్మా,” అని ఆమె కదల్లేదు.