జారనివ్వాల్సిన పిడి

తాకేటా బజారులో వడ్రంగి కొట్టు దాటుతుంటే అవిసె నూనె వాసన తగిలి, ఈ వయసులోనూ నా కుడి అరచేయి దానంతటదే ముడుచుకుంటుంది.

మా తాత ఇక్కడి సేక్కాన్ అనే నదీరేవులో బస్తాలు మోసేవాడు. బస్తాల్ని లాగే ఇనుప కొక్కేలకు టేకు పిడులు చెక్కి, వాటి మీద నూలుతాడు గరుకుగా బిగించి, అవిసె నూనె పట్టించేవాడు. వానల్లో తడిచేతిలో కొక్కెం జారితే పక్కవాడి కాలు పోతుంది మరి.

ఇల్లంతా బెల్లంపాకం వాసనతో నిండిన దీపావళి ముందు, మా వీధి చివరింటి బర్మీయుడు, ఊ తిన్ అనే పెద్దాయన, మా తాతను వెతుక్కుంటూ వచ్చాడు. ప్రతి తూటాకీ పిడి పైనుండే సుత్తిని బొటనవేలితో వెనక్కి లాగవలసిన పాత రివాల్వర్ ఆయనది. విరిగి అతుక్కున్న మణికట్టుకు మళ్లీ గట్టి దెబ్బ తగిలితే వేళ్లు పనిచేయవని డాక్టరు చెప్పినా, క్లబ్బు పోటీలో ఆఖరిసారి కాల్చి తీరాలని ఆయన పట్టు. పేలినప్పుడు తుపాకీ చేతిని తన్నే దెబ్బ తగ్గేలా పిడిచెక్కలు మార్చమన్నాడు.

తాత తనకు తెలిసినట్టే చేశాడు: సన్నగా, గరుకుగా, తాడు చుట్టి.

కాల్చి చూడ్డానికి క్లబ్బు మైదానానికి వెళ్లినప్పుడు, తాత పంచె పట్టుకుని దూరంగా నిలబడ్డాను. ఒక్క తూటాకే ఊ తిన్ పెదవి కొరుక్కున్నాడు. బొటనవేలి మొదట్లో తోలు లేచిపోయింది.

ఊ తిన్‌ని వెంటబెట్టుకుని ఇంటికొచ్చాక మామ్మ ఊరుకోలేదు. "కొక్కేనికీ తుపాకీకీ ఒకటే పిడేటయ్యా?"

"జారితే సెయ్యి పోద్దే!"

"జారకపోబట్టే పోతంది."

మామ్మ అరిసెల పిండిముద్ద ఒకటి ఊ తిన్ అరచేతిలో పెట్టి, ఖాళీ రివాల్వర్ పిడిని దాని మీద నొక్కిపట్టమంది. గుంట ఒక్కచోటే, బొటనవేలి మొదట్లో, లోతుగా పడింది. తూటా మారలేదు, తుపాకీ బరువూ మారలేదు; బరువంతా రూపాయి బిళ్లంత చోట పడితే నొప్పి, అరచేయంతా పరుచుకుంటే ఒట్టి తోపుడు. నాకు అర్థమైన మొదటి భాగహారం ఆ పిండిముద్దే.

తాత కొత్త చెక్కలు తీశాడు. అరచేయి నిండేలా లావుగా ఉంచి, అద్దంలా నునుపు చేశాడు, చేస్తున్నంతసేపూ గొణుక్కుంటూనే: "ఈ నునుపుతో కొక్కెం సేస్తే, మావోళ్లు నన్ను నదిలోకి తోసేద్దురు."

మళ్లీ మైదానం. తాత కళ్లు మూసుకున్నాడు, నేను మూసుకోలేదు. తూటా పేలింది, గొట్టం పైకి లేచింది, పిడి ఆయన గుప్పిట్లో చేపలా మెల్లగా తిరిగి, దెబ్బను మణికట్టుకు చేరనీకుండా, సుత్తిని బొటనవేలికి అందేంత దగ్గరికి తెచ్చింది. ఊ తిన్ కాసేపు తన చేతిని చూసుకున్నాడు. తర్వాత ఆ బొటనవేలితోనే సుత్తిని మళ్లీ వెనక్కి లాగాడు.

"కళ్లు తెరువు తాతా, ఇంకోటి కాలుస్తన్నాడు," అన్నాను.

ఇప్పుడు సేక్కాన్‌లో సరుకంతా పెట్టెల్లో వస్తుంది, క్రేన్లు ఎత్తుతాయి. కొక్కెం పట్టేవాడు లేడు. ఆ మైదానం లేదు, ఊ తిన్ లేడు, తాత చెక్కిన నునుపు పిడి ఎవరి దగ్గరుందో తెలియదు. ఆయనకు మొదట చేసిన గరుకు పిడి మాత్రం మా వంటింటి తలుపుకు బిగించి ఉంది. వానాకాలంలో తడిచేత్తో లాగినా జారదు.