పదమూడు రాత్రుల మాత్రలు

డాక్టరమ్మ జీపులో ముందు సీటు ఎప్పుడూ ఖాళీగా ఉండేది. ఆమె వెనక నా పక్కన కూర్చుని, ఆ రోజు చూడవలసిన మనుషుల వివరాలు నాచేత చదివించుకునేవారు. కడప నుంచి కర్నూలుకు, కర్నూలు నుంచి కడపకు, నెలకు రెండు మూడుసార్లు. మైదుకూరులో ఆగి దోసెలు తినేవాళ్ళం. చట్నీ కారంగా ఉందని ఆమె ప్రతిసారీ అనేవారు, ప్రతిసారీ రెండోసారి వేయించుకునేవారు. ఆ పని ఆగిపోయి కొంతకాలమైంది. ఇప్పుడు ఆ దారిన బస్సులో పోతుంటే పక్క సీటులో ఎవరు కూర్చున్నా ఆమెకన్నా కాస్త ఎక్కువ చోటు ఆక్రమించినట్టే అనిపిస్తుంది.

ఆమె సర్కారు ఆసుపత్రిలో మానసిక వైద్యురాలిగా పనిచేసి రిటైరయ్యారు. జైళ్ళలోనూ ఊళ్ళలోనూ మానసిక రోగులకు వైద్యం ఎలా అందుతోందో చూసి, లోపాలు రాసి, సరిచేయించే పని ఒక చిన్న సంస్థ ఆమెకు అప్పగించింది. నేను అప్పట్లో కల్లూరులో ఒక చెనిక్కాయల మిల్లులో బస్తాల లెక్క రాసేవాణ్ణి. చదువు పదో తరగతితో ఆగింది. సగటులూ శాతాలూ పాత పుస్తకాలు ముందేసుకుని నేర్చుకున్నాను. మా హమాలీ ఒకతన్ని చూడడానికి ఆమె మిల్లుకు వచ్చినప్పుడు, అతను పనికి రాని రోజులన్నీ గళ్ళ కాగితం మీద గుర్తుపెట్టి చూపించాను. ఏ నెలల్లో అతని జబ్బు ముదురుతోందో అందులో తెలిసింది. ఆమె కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని, నాతో వస్తావా అప్పా అని అడిగారు.

చెప్పబోయేది ఒక జైలు సంగతి. ఏ ఊరిదో రాయను. అక్కడ మానసిక రోగులకు మాత్రలు పంచే పని ఒక ముసలి ఖైదీ చూసేవాడు. మొదటిసారి వెళ్ళినప్పుడు అతని రిజిస్టరు చూసి ముచ్చటపడ్డాను. మనిషికి ఒక వరస, రోజుకు ఒక గడి, మాత్ర మింగించాక గడిలో ఒక టిక్కు. గడిచిన మూడు నెలలూ కూడి చూశాను. టిక్కులకూ, మందుల గదిలోంచి తీసిన మాత్రలకూ ఒక్కటి తేడా లేదు. ‘సరిగా ఉంది’ అని రాశాను. డాక్టరమ్మ సంతకం చేశారు.

రెండోసారి వెళ్ళింది ఒక నెల నాలుగో తేదీన. ఈసారి ఎందుకో విడుదల రిజిస్టరు కూడా పక్కన పెట్టుకున్నాను. ఒక మనిషి పోయిన నెల ఇరవయ్యో తేదీన విడుదలయ్యాడు. మాత్రల రిజిస్టరులో అతని వరసలో ముప్పై దాకా టిక్కులున్నాయి. జైల్లో లేని మనిషి పది రాత్రులు మాత్ర మింగాడు. అప్పుడు జరుగుతున్న నెల పేజీ తిప్పాను. నాలుగో తేదీకే నెలాఖరు దాకా గళ్ళన్నీ నిండి ఉన్నాయి. మొదటిసారే ఆ పేజీ తిప్పి ఉంటే తెలిసేది. నెల ముగియకుండా లెక్క చూడడం నాకు అలవాటు లేదు.

ముసలాయన దాచలేదు. “ఒకటో తారీఖునే నెలంతా ఏసేస్తా సార్. పొద్దు గూకేలోగా ఇంతమందితో మింగించి, ఒక్కొక్కని నోరు తెరిపించి సూడాల. రాసుకుంటా కూసుంటే గదులకు తాళాలు పడతాయి.”

మరి వెళ్ళిపోయిన మనిషి మాత్రలు ఏమయ్యాయని అడిగితే, మందుల గదిలోనే ఉంచే పాత బిస్కెట్ల డబ్బా తీసి మూత తెరిచాడు. పది మాత్రల స్ట్రిప్పు, ఒక్కటీ చిరగకుండా ఉంది. బెయిలు కాగితం ఆ రోజు సాయంత్రం ఆరింటికి వచ్చిందట. మందుల గది తాళం తన దగ్గర పెట్టుకునే కాంపౌండరు ఐదింటికే ఇంటికి పోతాడు. ఆ మనిషి ఉత్త చేతులతో గేటు దాటాడు.

డాక్టరమ్మ వేళ్ళమీద లెక్కపెట్టి, “పదమూడు రాత్రులు,” అన్నారు. ఈ జబ్బులో మాత్ర ఆగితే ముందు నిద్ర పోతుందని, తర్వాత ఏమవుతుందో ఎవరూ చెప్పలేరని ఆమె నాకు అంతకుముందే చెప్పి ఉన్నారు. ఊరు పేరు చూడమన్నారు. కోడుమూరు. మిగతా పని వదిలేసి బయలుదేరాం. దారంతా ఆమె నాచేత ఏమీ చదివించుకోలేదు.

ఇంట్లో అతని అక్క ఉంది. కూలికి పోయే మనిషి, ఆ రోజు మానేసింది. తమ్ముడు వారం నుంచి కంటిమీద కునుకు లేకుండా ఇంట్లో తిరుగుతున్నాడని, గోడతో మాట్లాడుతున్నాడని చెప్పింది. మాత్రల సంగతి ఆమెకు తెలియనే తెలియదు.

“జబ్బు నయమైతేనే కదమ్మా ఇడిసిపెట్టింటారు అనుకుంటిమి,” అంది.

అతనెక్కడ అంటే, పొద్దున్నే సంచి సర్దుకుని ఆటోల కాడికి పోయాడని చెప్పింది.

అతను అక్కడే ఉన్నాడు. నా వయసే ఉంటుంది. చంకలో సంచి, అందులోంచి కంచం అంచు కనిపిస్తోంది. ఆటోవాళ్ళకు అతనితో మంచి కాలక్షేపంగా ఉంది.

“జైలుకు చార్జీ పెట్టుకోని పోయేటోణ్ణి నిన్నే సూస్తాండా పెద్దప్పా,” అన్నాడు ఒకడు. “వచ్చేదానికి గూడా ఇప్పుడే మాట్లాడుకుంటావా?”

అతను నవ్వలేదు, కోపపడనూ లేదు. “ఆడైతే బలం గోలీ ఇస్తాండ్రి. నిద్ర పడతాండె,” అన్నాడు.

ఆటోవాడు నవ్వు ఆపేశాడు. డాక్టరమ్మ ఆ ఆటోలోనే అతని పక్కన కూర్చున్నారు. ఎవరి గొంతులు వినిపిస్తున్నాయి, ఏమంటున్నాయి, అన్నం తింటున్నావా అని చాలాసేపు అడిగారు. తర్వాత తన బ్యాగులోంచి అవే మాత్రల స్ట్రిప్పు తీసి చూపించారు. అతను అటూ ఇటూ తిప్పి చూసి, ఇదే అన్నట్టు తల ఊపి, జాగ్రత్తగా చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఇంటికి తీసుకుపోయి, అక్క ఎదురుగా మొదటి మాత్ర మింగించి, ఇది బలం గోలీ కాదని ఇద్దరికీ చెప్పారు. మరుసటి రోజు మళ్ళీ వచ్చి చూశాం.

తిరుగు దారిలో, మొదటిసారే ఆ పేజీ తిప్పని నా తప్పు చెప్పాను.

“నేనూ సంతకం పెట్టినా గదప్పా,” అన్నారామె. “ఇంక ఏం చేయాల్నో అది చెప్పు.”

దానికి దారి ముసలి ఖైదీయే చూపించాడు. జైలుకు వచ్చేటప్పుడు విప్పిన బట్టలు మూట కట్టి ఒక గదిలో ఉంచుతారు. ఎంత పొద్దుపోయి విడుదలైనా ఆ గది తెరిచి తీరాలి. “మూట ఇడిసిపెట్టి యెవడూ పోడు సార్. మాత్రలు అందులో పెట్టండి,” అన్నాడు. పదిహేను రోజుల మాత్రలూ, ఏ ఆసుపత్రికి పోవాలో రాసిన చీటీ మూటలో పెట్టేటట్టు జైలు అధికారి ఒప్పుకున్నాడు.

కోడుమూరు మనిషికి మాత్రం ఇంకో చిక్కు వచ్చింది. కర్నూలు ఆసుపత్రిలో ముప్పై మాత్రలిచ్చి నెలకు రమ్మన్నారు. అక్కాతమ్ముళ్ళు ఐదు రోజులు ఆలస్యంగా వచ్చారు. అతని కళ్ళు మళ్ళీ ఎర్రగా ఉన్నాయి. అక్కకు నెలంటే తారీఖులు కాదు. వాళ్ళ చర్చిలో నెలకు మొదటి ఆదివారం ప్రభువు బల్ల పేరున రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు. బల్ల ఆదివారం దాటిన సోమవారం ఆమెకు కొత్త నెల. బల్లకూ బల్లకూ మధ్య కొన్నిసార్లు నాలుగు వారాలు, కొన్నిసార్లు ఐదు అని నేను లెక్క వేసి చూపించాను. ఆమె లెక్కను మార్చే పని పెట్టుకోకుండా, డాక్టరమ్మ ఆసుపత్రిలో మాట్లాడి ముప్పై ఐదు రాయించారు.

ఆ తర్వాత సోమవారాల్లో వాళ్ళను ఆసుపత్రి వరండాలో చూస్తూ వచ్చాను. అతను గడ్డం గీసుకుని వచ్చేవాడు. ఒకసారి నా దగ్గరకొచ్చి జేబులోంచి స్ట్రిప్పు తీశాడు. అది నాలుగు వారాల నెల.

“ఏడు మిగిలినాయి సార్. ఏంజేయాల?” అన్నాడు.

ఇంట్లో ఉంచుకోమన్నాను, ఎప్పుడైనా బస్సు రాకపోతే పనికొస్తాయని.