అమ్మ తోమిన ట్యాంకు చైన్లు

మా మేనమామ మిలిటరీలో ట్యాంకు నడిపాడు. రిటైరయ్యాక మొయినాబాద్ దగ్గరి చిన్న మంగళారం వచ్చి టమాట తోట పెట్టుకున్నాడు. ట్యాంకు మాట ఎత్తితే "ఏముంటది, పెద్ద ట్రాక్టర్ అనుకో" అని తప్పించుకునేవాడు. నాకేమో చిన్నప్పటి నుంచీ ఆ ట్యాంకంటే పిచ్చి. హైటెక్ సిటీలో ఉద్యోగం వచ్చిన కొత్తలో, మొయినాబాద్ చుట్టుపక్కల పొలాలన్నీ ప్లాట్ల రాళ్లుగా మారుతుంటే, నా ఈడు కుర్రాళ్లంతా ఎక్కడ కొనాలా అని తిరుగుతుంటే, నేను ఇంట్లో కూర్చుని ప్లాస్టిక్ ముక్కల కిట్ కొని, మామ నడిపిన రకం ట్యాంకు నమూనా ఒకటి జానెడు పొడవున అతికించి తయారుచేశాను.

మామకు చూపించాను. అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అంత మంచిగనే ఉన్నది గని అల్లుడా, చైనే అబద్ధం. రబ్బర్ బ్యాండ్ లెక్క బిగ్గట్టి ఉన్నది. అసలు చైన్ బరువుకు కుంగి, చక్రాల మీద పడుకుంటది."

అని బల్ల మీద పెట్టేసి చాయ్ అడిగాడు. కిట్‌లో వచ్చిన చైన్ నిజంగానే మెత్తటి ప్లాస్టిక్ పట్టీ. ఆయన అన్నది తప్పేం కాదు. కానీ 'అబద్ధం' అన్న మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. ఆయన నోటితో ఒక్కసారి 'ఇది నా బండే' అనిపించుకోవాలి, అంతే. అప్పట్లో నాకు ప్రమోషన్ మీద కూడా అంత ఆశ లేదు.

ఇంటర్నెట్‌లో వెతికితే తెలిసింది, లోహంతో పోతపోసిన చైన్లు విడిగా అమ్ముతారని. ఆన్‌సైట్ పని మీద విదేశం వెళ్లిన మా టీమ్ అతను తిరిగొస్తూ ఒక డబ్బా తెచ్చిపెట్టాడు. ఒక్కో పక్కకు ఎనభై పైచిలుకు లింకులు, ఒక్కోటి పెసరబద్ద కన్నా కొంచెం పెద్దది. ప్రతి లింకుకూ రంధ్రం శుభ్రం చేసి, పక్క లింకుతో కలిపి, సన్నటి తీగ దూర్చి కత్తిరించాలి. మూడు నెలల శని, ఆదివారాలు వాటికే పోయాయి. చివరికి నల్లబరిచే మందులో ముంచితే, వెండిలా మెరిసే చైన్లు ఇనుపరంగుకు తిరిగాయి. ఆ సీసాలో మందు దాంతో అయిపోయింది. పాత ప్లాస్టిక్ పట్టీలను కత్తెరతో కోసి పారేశాను. చైన్లను వరండాలో పేపర్ మీద ఆరబెట్టాను.

తెల్లవారితే దసరా. మామ ఏటా సాయంత్రం జమ్మి ఇవ్వడానికి వాళ్ల అక్క దగ్గరికి, అంటే మా అమ్మ దగ్గరికి వస్తాడు. ఆయన వచ్చేసరికి చైన్లు ఎక్కించాలని నా ప్లాన్.

మా ఇంట్లో ఆయుధపూజ దసరా పొద్దుననే. ఆ రోజు ఇనుము, చక్రం అన్న దేనికీ స్నానం తప్పదు. పార, కొడవలి, నా బైకు, చివరికి కంపెనీ లాప్‌టాప్ కూడా బొట్టు పెట్టించుకోవలసిందే. పొద్దున నేను లేచి వచ్చేసరికి పెరట్లో ఇత్తడి దీపాల పక్కన నా చైన్లు రెండూ ధగధగలాడుతున్నాయి. అమ్మ వాటిని చింతపండు, బూడిద పెట్టి తోమింది.

"పండుగ పూట బండికి గంత నల్లటి చైన్లా బిడ్డా? మొత్తం మసి పట్టి ఉండె" అంది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది.

"తెల్వకపోతే ఎందుకు ముడతవ్? ఒక్కమాట అడగరాదా? మూడు నెలల పని ఖరాబ్ చేసినవ్" అని అరిచాను. పక్కింటికి వినబడేంత గట్టిగా అరిచాను.

అమ్మ చేతులు కడుక్కుని లోపలికి పోయింది. మధ్యాహ్నం నాకు వడ్డించి, తనకు ఆకలి లేదంది. సారీ చెప్పడానికి నాకు నోరు రాలేదు. నల్లబరచడానికి మందు లేదు, తిరిగి తగిలించడానికి పాత పట్టీలు లేవు. చేసేది లేక ఆ మెరిసే చైన్లనే ఎక్కించాను.

సాయంత్రం మామ వచ్చాడు. అమ్మ చేతిలో జమ్మి పెట్టి కాళ్లు మొక్కాడు. నేనూ ఆకు తీసుకుని అమ్మ ముందు వంగాను. అమ్మ నా తల మీద చెయ్యి పెట్టింది గానీ ముఖం చూడలేదు.

మామ కళ్లు బల్ల మీదికి పోయాయి. ట్యాంకును తీసుకుని గడపలోకి, వెలుతురులోకి పోయాడు. చైన్ మీద బొటనవేలు రాశాడు.

"గిది నీకు ఎవలు చెప్పిండ్రు?"

"ఏంది మామా?"

"సందుల్ల నల్లగ, నేలకు తగిలే కాడ తెల్లగ. నడిచిన చైన్ గిట్లనే ఉంటది. మేము ఇసుకల తిప్పితె రోజూ తోమినట్టే అయితుండె. మొత్తం నల్లగ ఉన్నదంటే షెడ్డుల పడి ఉన్న బండి అన్నట్టు. ఇది నడిచిన బండి. నా బండి."

గుండెల మీంచి బండరాయి దింపినట్టయింది. అంతలోనే సిగ్గేసింది.

"నేను చెయ్యలే మామా. అమ్మ తోమింది. నేను నల్లగ చేసి పెట్టిన. పొద్దున అమ్మ మీద లొల్లి గూడ చేసిన."

మామ నవ్వి లోపలికి కేకేశాడు. "అక్కా, ఏం పెట్టి తోమినవే?"

"చింతపండు. సందులల్ల గూడ తోముదమనుకున్న గని, తీగలు గుచ్చుకోవట్టె. చేతులు మండి ఇడిసిపెట్టిన" అంది అమ్మ, వాకిట్లోకి వస్తూ.

అప్పుడు చూశాను. ఆమె వేళ్ల కొసల నిండా నేను కత్తిరించి వదిలేసిన తీగలు గీరిన ఎర్రటి గీతలు. పొద్దున చింతపండు పులుపు వాటి మీదే పడి ఉంటుంది.

నేను వంటింట్లోకి పోయి పళ్లెంలో అన్నం పెట్టుకొచ్చాను. ఆ వేళ్లతో కలుపుకుంటే మండుతుందని చెంచా కూడా తెచ్చాను. అమ్మ చెంచా పక్కన పెట్టింది.

"నువ్వే కలిపి పెట్టు" అంది.

కలిపి ముద్ద చేసి నోట్లో పెట్టాను. తిన్నది.