డేగ దిగివచ్చిన మధ్యాహ్నం

మా తమ్ముణ్ణి రేవులో అందరూ డేగ అంటారు. ఓడల్లోంచి పెట్టెలెత్తే క్రేన్ నెత్తిన, గాజుగదిలో వాడి ఉద్యోగం. అక్కణ్ణుంచి రేపటి సూర్యుడు ఇవాళే కనిపిస్తాడని పిల్లలకు చెబుతుంటాను. వాడు కాదనడు.

ఒంటికి వస్తే అంత ఎత్తు దిగి మళ్లీ ఎక్కాలి. అందాకా ఓడ ఆగాలి. అందుకని వాడు నీళ్లు తాగేవాడు కాదు, వచ్చినా బిగబట్టేవాడు. నిరుడు ఎడమ వృషణం వాచి జ్వరమొస్తే డాక్టరు మాత్రలిచ్చాడు. నొప్పి తగ్గగానే, మిగిలిన మాత్రలు పంటినొప్పితో మూలుగుతున్న బావమరిదికి ఇచ్చేశాడు దానకర్ణుడు.

నొప్పి తిరిగొచ్చింది. నెలలు గడిచినా పోలేదు. క్యాన్సరేమోనని లోలోపల బెంగ. పక్కలో కదిలితే కలుక్కుమంటుందని పరుపు ముందుగదిలోకి మార్చాడు.

"లోపల ఉక్కగా ఉంది" అన్నాడు పెళ్లాంతో.

ఫ్యాను ఉన్నదేమో లోపలి గదిలోనే.

మరదలు ఇంట్లో బట్టలు కుడుతుంది. ఆ రోజు నుంచి కుట్టుమిషన్ చప్పుడు పెరిగింది. ఓ రోజు నాతో అంది: "బావగారూ, నేనంటే ఆయనకు మొహం మొత్తిందేమో, మీరైనా అడగండి."

అడిగాను. నేల చూస్తూ అంతా చెప్పాడు. బావమరిదిని కూడా తోడు తీసుకుని డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాను.

"నీ మాత్రలతో నా పంటినొప్పీ తగ్గలేదు బావా!" అని దారంతా వాడి దెప్పు.

స్కానింగు, మూత్రపరీక్ష చూసి డాక్టరు అన్నాడు: "క్యాన్సర్ కాదయ్యా. వృషణం వెనకుండే మెలికల గొట్టం, ఎపిడిడిమిస్, వాచింది. ఇన్నాళ్లు ఉండిపోవడానికి మందు మధ్యలో ఆపడం ఓ కారణం. మూత్రం బిగబట్టడం ఇంకోటి కావచ్చు. కొందరికి క్షయ వల్ల, కొందరికి పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ తర్వాత వస్తుంది. ఒక్కోసారి కారణమే దొరకదు."

"మరి తగ్గుతుందా?"

"క్రిములున్నాయి గనక యాంటీబయాటిక్ ఇస్తున్నా. ఎవరికీ పంచిపెట్టకు. వాపుకి మాత్రలు, గోరువెచ్చని నీళ్లలో కూర్చోవడం, కింద ఆసరాగా బిగువైన లోదుస్తు. వీటికీ లొంగకపోతే నరానికి మత్తు ఇంజెక్షన్. కోత ఆఖరి మాట. నిదానంగా తగ్గుతుంది, ఓపిక పట్టు. నొప్పి ఉన్నట్టుండి ఎక్కువైతే మాత్రం వెంటనే రా."

ఇంటికొచ్చి తమ్ముడు మరదలితో అంతా చెప్పాడు. మిషన్ ఆగింది.

"నా మీద విరక్తి కాదన్నమాట" అంది. కళ్లు తుడుచుకుని టేపు అందుకుంది. "ఊరందరి కొలతలూ తీస్తాను. ఇది నాకు చెప్పడానికి మీకు నోరు రాలేదూ? నిలబడండి."

"అన్నయ్య ఉన్నాడే!"

"బావగారికి తలుపెక్కడో తెలుసు."

తెలుసు గనక బయటికొచ్చాను. కాసేపటికి మిషన్ మళ్లీ మొదలైంది, మెత్తగా.

నొప్పి ఇంకా అప్పుడప్పుడు పలకరిస్తోంది. పరుపు మాత్రం ఫ్యాను కిందికి చేరింది. నిన్న మధ్యాహ్నం, పెట్టె ఎత్తబోయే ముందు, డేగ క్రేన్ ఆపి తాపీగా నిచ్చెన దిగాడు. చేతిలో మరదలిచ్చిన నీళ్ల సీసా, ఖాళీగా.

ఓడ ఆగింది. మునగలేదు.