పెద్దమ్మమ్మ ఉమ్మి కోసం భావనపాడు దాకా

కొన్నాళ్ళుగా పొద్దువాలితే నాకు మెట్లు సరిగ్గా కనబడటం లేదు. హైదరాబాదులో జన్యువులను పరీక్షించే ప్రయోగశాలలకు లోటు లేదు. ఎంతెంత యంత్రాలో, ఎంతెంత చదువులో. నా రక్తమంతా చదివేసిన డాక్టరుగారు చివరికి, "మీ ఇంట్లో ఇలాగే చూపు పోయిన పెద్దవాళ్ళ ఉమ్మి కావాలండీ. పోల్చి చూస్తేనే మీ జబ్బేమిటో తేలుతుంది" అన్నారు. అలా చూపు పోయింది మా అమ్మమ్మకు అక్క అయిన అప్పలనరసమ్మకు. ఆవిడ ఉండేది భావనపాడులో. అంత ఖరీదైన యంత్రం మా పెద్దమ్మమ్మ ఉమ్మి కోసం ఆగిపోయిందంటే, భయంలోనూ నాకు నవ్వొచ్చింది.

విశాఖలో పొద్దున్నే రైలెక్కి నౌపడలో దిగాను. అక్కడినుంచి ఆటో, రానూపోనూ ఆరు వందలకు కుదిరింది. ఉప్పుమడుల పక్కనుంచి వెళ్తుంటే డ్రైవరు రామారావు, "ఏటి పనిమీదొచ్చినారు బాబూ?" అని అడిగాడు. చెప్పాను. వెనక్కి తిరిగి నన్నోసారి ఎగాదిగా చూశాడు.

ఉమ్మి ఇచ్చేముందు అరగంటపాటు తినకూడదు, తాగకూడదు, పొగ అసలే కూడదు. మేం వెళ్ళేసరికి పెద్దమ్మమ్మ అరుగుమీద కూర్చుని, చుట్టను నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని హాయిగా అడ్డపొగ పీలుస్తోంది.

"అరగంట సుట్ట మానీయాలా? నన్ను సంపడానికొచ్చినావేటిరా?" అంది.

నా కళ్ళ సంగతి చెప్పాను. చుట్ట ఆర్పేసి, తడుముకుంటూ రామారావు చేతిలో పెట్టింది. ఇక "అయిందేటి?" అని ఎన్నిసార్లు అడిగిందో లెక్కలేదు.

తీరా ఉమ్మి పట్టమని డాక్టరుగారిచ్చిన గొట్టం నోటికి ఆనిస్తే చుక్క రాలేదు. నోరు పిడచకట్టుకుపోయింది. నీళ్ళివ్వకూడదు. ఇంత దూరం వచ్చి ఉత్తచేతులతో వెళ్ళాలా అని నాకు ఏడుపొచ్చినంత పనైంది. అప్పుడు రామారావు తీరిగ్గా అందుకున్నాడు.

"మామ్మా, నిన్న మా ఇంటికాడ ఎండురొయ్యల్లో సింతకాయేసి వండినాం. వంకాయ కూడా ఏసినాం."

"సింతకాయలోకి వంకాయేటిరా? ముందల రొయ్యలు ఏపుకోవాల. పచ్చిమిరక్కాయ సీరి..."

ఆవిడ కూర సరిదిద్దుతుంటే, మధ్యమధ్య నేను గొట్టం అందిస్తుంటే, గీత దాకా నిండింది. మూత బిగించాక కూడా కూర ఇంకా ఉడుకుతూనే ఉంది.

బయలుదేరుతుంటే పెద్దమ్మమ్మ నా చెయ్యి వదల్లేదు. "నా సూపు పోయినప్పుడు అమ్మోరి కోపమన్నార్రా. ఏటి తప్పు సేసీసినానో అని ఇన్నేళ్ళూ ఎతుక్కుంటన్నాను. ఆ జబ్బుకి పేరుంటే నాకూ ఫోను సేసి సెప్పు" అంది. వచ్చింది నా కళ్ళ కోసం. తిరుగుదారిలో ఆ గొట్టాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే మాత్రం, ఫలితం ముందు ఆవిడకే చెప్పాలనిపించింది.

ఇలాంటి పనిమీద వెళ్ళేవాళ్ళకు ఒకటే మాట. నౌపడలో ఆటో మాట్లాడుకునేటప్పుడు, డ్రైవరు ఇంట్లో నిన్న ఏం కూర వండారో కనుక్కోండి.